1991 తర్వాత పెరిగిన సంపద ఎవరి దగ్గర ఆగింది?

కృష్ణాతీరం:
రెండు లెక్కలు చూశాక మనసు ఊరుకోక అడుగుతున్నాను. ప్రపంచ బ్యాంకు లెక్కలో 2022-23కి మన దేశపు గిని సూచిక (అసమానతను 0 నుంచి 100 దాకా కొలిచే అంకె, ఎంత తక్కువైతే అంత సమానత) 25.5. అంటే అసమానత బాగా తక్కువగా ఉన్న దేశాల వరసలో మనమూ ఉన్నట్టు. ఇక పారిస్‌లోని వరల్డ్ ఇనీక్వాలిటీ ల్యాబ్ 2024 మార్చిలో విడుదల చేసిన పత్రం చూస్తే, అదే 2022-23లో పై 1 శాతం మందికి దేశ ఆదాయంలో 22.6 శాతం వెళ్తోంది, దేశ సంపదలో 40.1 శాతం వాళ్ల పేరనే ఉంది. ఒకే దేశం, ఒకే సంవత్సరం. టీవీ చర్చల్లో ఒక పక్షం మొదటి అంకె పట్టుకుంటుంది, ఇంకో పక్షం రెండోది పట్టుకుంటుంది, గంట అయ్యాక యాడ్స్ వస్తాయి.

నాకు పార్టీల గొడవ వద్దు. 1991లో తలుపులు తెరిచాక మీ జిల్లాలో, మీ పనిలో ఏం మారింది, డబ్బు ఎవరింటికి వచ్చింది, ఎవరింట్లో నిలబడింది, చూసింది చూసినట్టు రాయండి. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. డబ్బు వచ్చింది, అందులో అనుమానం లేదు. కానీ వచ్చిన డబ్బు భూమి ఉన్నవాళ్ల దగ్గర, చదువు కొనుక్కోగలిగిన వాళ్ల దగ్గర ఆగింది. ఒళ్లు వంచి పని చేసేవాళ్ల చేతుల మీదుగా వెళ్లిందే తప్ప వాళ్ల దగ్గర మిగల్లేదు.

హైటెక్_శ్రీను:
అన్నా, 1991కి ముందు సంగతి కూడా చెప్పుకోవాలి కదా. అప్పట్లో మన దగ్గరున్న విదేశీ మారకం రెండు మూడు వారాల దిగుమతులకు సరిపోయేంతే. 47 టన్నుల బంగారం బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ దగ్గరా, బ్యాంక్ ఆఫ్ జపాన్ దగ్గరా తాకట్టు పెట్టారు. జులై 1న ఒకసారి, 3న ఇంకోసారి రూపాయి విలువ తగ్గించారు. అదే నెల 24న మన్మోహన్ సింగ్ బడ్జెట్, ప్రధాని మన పీవీ. గత్యంతరం లేక తెరిచిన తలుపు అది. అంతకుముందు ఫోన్ కనెక్షన్‌కి ఏళ్లు, స్కూటర్‌కి ఏళ్లు ఎదురుచూపులు, లైసెన్సు దక్కించుకున్న కొద్ది కుటుంబాలు ఏం తయారుచేస్తే అదే కొనుక్కోవాలి. అప్పుడు మాత్రం సమానత్వం ఎక్కడుంది?

పేదరికం లెక్కలు కూడా చూడండి. టెండూల్కర్ కమిటీ పెట్టిన పేదరికపు గీత ప్రకారం 2004-05లో 37.2 శాతం ఉన్న పేదలు 2011-12కి 21.9 శాతానికి తగ్గారు. ప్రపంచ బ్యాంకు అప్పట్లో వాడిన రోజుకు 2.15 డాలర్ల గీత పెట్టుకుంటే 2011-12లో 16.2 శాతం, 2022-23కి 2.3 శాతం. పై వాడికి ఎంత పోయిందన్న కోపంలో కింది మనిషి రెండు పూటలా తింటున్నాడన్న సంగతి పక్కకు పోకూడదు.

నా సంగతి చెప్పాలంటే మా నాన్న ఆర్టీసీ కండక్టర్. సైబర్ టవర్స్ 1998లో మొదలైంది, అప్పుడు నేను స్కూల్లో ఉన్నాను. 2022-23కి తెలంగాణ ఐటీ ఎగుమతులు 2.41 లక్షల కోట్లు, ఉద్యోగులు 9 లక్షల పైన. వాళ్లందరూ జమీందార్ల పిల్లలు కాదు.

అనంత_రైతు:
శ్రీను గారూ, మీ ఇంటికి మంచి జరిగింది, సంతోషం. ఆ తలుపులోంచే మా జిల్లాకి ఏం వచ్చిందో చెప్తాను వినండి.

మాది వేరుశనగ. ఎర్రనేల, ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన, అదీ పడాల్సినప్పుడు పడితే. 1986లో కేంద్రం నూనెగింజల మిషన్ పెట్టింది, ధర కాపాడింది, 1990ల మొదట్లో దేశం వంటనూనెలో దాదాపు స్వయంసమృద్ధికి వచ్చింది. ఆ రోజుల్లో మా దగ్గర కాయ అమ్మి పెళ్లిళ్లు చేశారు, ఇళ్లు కట్టారు. 1994లో పామాయిల్ దిగుమతికి అడ్డు తీసేశారు, తర్వాత మిగతా నూనెలకూ తీసేశారు, సుంకాలు ఏడాదికేడాది తగ్గించుకుంటూ పోయారు. మలేషియా, ఇండోనేషియా నుంచి ఓడల కొద్దీ వచ్చిన నూనె ముందు మా కాయ నిలబడలేకపోయింది. ఊళ్లో నూనె మిల్లులు ఒక్కొక్కటే మూతపడ్డాయి. ఇప్పుడు దేశానికి కావాల్సిన వంటనూనెలో సగానికి పైగా బయటి నుంచే వస్తోంది.

ఆ నూనె చౌకగా రావడం వల్ల మేలు జరిగినవాళ్లు లేరా అంటే ఉన్నారు. రేషన్ షాపులో పామాయిల్ ప్యాకెట్ తెచ్చుకున్న కూలీల ఇంట్లో పోపు వేయగలిగారు. మా ఇంట్లో కూడా అదే వాడాం, మా చేలో కాయ ఉండి కూడా. అందుకే దీన్ని మంచి చెడు అని రెండు ముక్కల్లో తేల్చడం నాకు చేతకాదు. కానీ చౌక నూనె వల్ల దేశం మొత్తానికి మిగిలిన డబ్బులో ఒక్క రూపాయి అయినా నష్టపోయిన మెట్ట రైతుకు తిరిగి ఇచ్చారా? ఇవ్వలేదు. లాభం అందరికీ తలా కొంచెం పంచారు, నష్టం మాత్రం మా ఒక్క జిల్లా నెత్తిన పెట్టారు. బోరు వేసుకోగలిగినవాళ్లు చీనీకో (బత్తాయి) దానిమ్మకో మారారు. వేసుకోలేనివాళ్లు, వేసి నీళ్లు పడనివాళ్లు బెంగళూరు బస్సెక్కారు.

ఉపాధి హామీ పథకాన్ని 2006 ఫిబ్రవరి 2న మా జిల్లా బండ్లపల్లిలోనే మొదలుపెట్టారు. ఎందుకు మా జిల్లానే ఎంచుకోవాల్సి వచ్చిందో ఆలోచించండి.

పల్లె_గోపి:
అనంత అన్నా, లాభం తలా కొంచెం, నష్టం ఒక్క చోట. మా వరంగల్ పత్తికి కూడా ఇదే మాట సరిపోతుంది. అమెరికా తన పత్తి రైతులకు సబ్సిడీలిచ్చి ప్రపంచ ధర పడగొడుతుంటే 2002లో బ్రెజిల్ ప్రపంచ వాణిజ్య సంస్థకెక్కి కేసు పెట్టి గెలిచింది. మన రైతు ఎవరి మీద కేసు పెడతాడు, విత్తనం అప్పిచ్చిన షావుకారు మీదనా?

లెక్కల_మాస్టారు:
కృష్ణాతీరం గారు అడిగిన రెండు అంకెల గురించి ముందు చెప్తాను, ఇది తేలకపోతే మిగతా చర్చ గాలిలో కొట్టుకుపోతుంది. ముప్పై ఏళ్లకు పైగా ఎకనామిక్స్ చెప్పినవాణ్ని, కొంచెం ఓపిక పట్టండి.

25.5 అనేది ఖర్చు మీద లెక్క. సర్వే మనిషి ఇంటికొచ్చి బియ్యం ఎంత కొన్నారు, కరెంటు బిల్లు ఎంత కట్టారు, పిల్లల ఫీజు ఎంత అని అడుగుతాడు. నెలకు 15 వేలు వచ్చే మనిషి 15 వేలూ ఖర్చు పెడతాడు, ఒక్కోసారి అప్పు చేసి 16 వేలు పెడతాడు. నెలకు 15 లక్షలు వచ్చే మనిషి 3 లక్షలు ఖర్చు పెట్టి 12 లక్షలు ప్లాట్లలోనో షేర్లలోనో పెడతాడు. ఆ 12 లక్షలు ఈ సర్వేలో కనపడవు. పైగా పెద్ద గేటు, సెక్యూరిటీ ఉన్న కాలనీల్లో సర్వే మనిషిని లోపలికే రానివ్వరు. కాబట్టి ఖర్చు గిని సాధారణంగా ఆదాయం గిని కంటే తక్కువే చూపిస్తుంది. ఆదాయం మీద గిని లెక్కించే దేశాల పక్కన మన ఖర్చు గిని పెట్టి మేమే నయం అనుకోవడం సరైన పోలిక కాదు. ఇంకో సంగతి, 2022-23లో సర్వే పద్ధతే మార్చారు, ఒక్కో ఇంటికి మూడుసార్లు వెళ్లారు. అందుకని 2011-12తో తిన్నగా పోల్చడం కూడా జాగ్రత్తగా చేయాలి.

అలాగని రెండో అంకె దైవవాక్కు కాదు. మన దేశంలో ఆదాయపు పన్ను కట్టేది కొద్దిమందే. ఆ వివరాలు, సర్వేలు, కుబేరుల జాబితాలు కలిపి మధ్యలో ఉన్న ఖాళీలను అంచనాలతో పూడ్చి వాళ్లు లెక్క కట్టారు. ఆ అంచనాలను తప్పుపట్టిన ఆర్థికవేత్తలు ఉన్నారు, వాళ్ల వాదనలో పస కూడా ఉంది.

అయితే ఈ రెండూ పక్కన పెట్టి సర్కారు స్వయంగా 2019లో చేసిన అప్పులు, ఆస్తుల సర్వే చూడండి. పల్లెల్లో పై 10 శాతం కుటుంబాల చేతిలో ఆస్తుల్లో 50.8 శాతం ఉంది, కింది సగం కుటుంబాలన్నీ కలిపితే 10.2 శాతం. పట్టణాల్లో పై 10 శాతానికి 55.7, కింది సగానికి 6.2. ఆ ఆస్తి ఏ రూపంలో ఉందనుకుంటున్నారు? పల్లెల్లో పదింట తొమ్మిది వంతులు భూమి, ఇళ్లే. పట్టణాల్లోనూ దాదాపు అంతే. కృష్ణాతీరం గారు భూమి దగ్గర ఆగిందన్నారే, అది ఊరికే అన్న మాట కాదు.

సాయి_వికారాబాద్:
మాస్టారు గారూ, భూమి అన్నారు కాబట్టి మా జిల్లా ముచ్చట. 2016 దాకా మేం రంగారెడ్డి జిల్లాలోనే ఉన్నాం. విడగొట్టాక చూస్తే తలసరి ఆదాయంలో రంగారెడ్డి రాష్ట్రంలో మొదటి స్థానం, మేం అట్టడుగున ఉన్న జిల్లాల్లో ఒకళ్లం. తేడా నాలుగు రెట్లకు పైనే. కలిసున్నప్పుడు సగటు లెక్కలో మా కరువు కనపడేదే కాదు. గచ్చిబౌలి నుంచి బండి మీద బయలుదేరితే పూట గడవక ముందే మా తాండూరులో ఉంటారు.

భీమవరం_ఆక్వా:
నమస్కారం అండి అందరికీ. రొయ్య గురించి ఎవరూ ఎత్తలేదు కాబట్టి నేను రాస్తున్నాను. ప్రపంచీకరణ అంటే పుస్తకాల్లో చదవక్కర్లేదండి, మా చెరువు గట్టు మీద నిలబడితే కనపడుతుంది. 2009లో వనామీ అనే విదేశీ రకం రొయ్యను పెంచడానికి అనుమతిచ్చారు. సీడ్‌కి తల్లి రొయ్యలు విదేశం నుంచి రావాలి, పెరిగిన రొయ్య విదేశం పోవాలి, మధ్యలో చెరువు మాత్రమే మాది. వరి పండే ఎకరానికి వచ్చే కౌలు ఒకటైతే చెరువు తవ్విన ఎకరానికి వచ్చే లీజు దానికి ఎన్నో రెట్లు. భూమి గలవాళ్లు వ్యవసాయం మానేసి భీమవరంలోనో హైదరాబాద్‌లోనో స్థిరపడ్డారు. చెరువు చేసేది మాలాంటి లీజుదారులం.

2025 ఆగస్టు 27న అమెరికా మన సరుకు మీద సుంకం 50 శాతం చేసింది. మన రొయ్యకు పెద్ద బజారు అమెరికాయే. దానికి ముందు నుంచే వ్యాపారులు కౌంట్ ధరలు తగ్గించేశారు. కౌంట్ అంటే తెలియని వాళ్ల కోసం, కిలోకి ఎన్ని రొయ్యలు తూగితే అది అండి, 30 కౌంట్ అంటే పెద్దది, 100 కౌంట్ అంటే చిన్నది. ధర పడిపోతోందని పట్టుబడి, అంటే చెరువులోంచి రొయ్య తీయడం, ఆపుదామంటే కుదరదు. చెరువులో సరుకున్నంత కాలం నీళ్లకు గాలి అందించే ఏరేటర్లు తిరగాలి, మేత వేయాలి, రాత్రి కరెంటు పోతే డీజిల్ జనరేటర్ వేసుకుని గట్టు మీదే కూర్చోవాలి, ఆక్సిజన్ తగ్గితే తెల్లారేసరికి చెరువంతా తేలిపోతుంది. రొయ్యలను చంపే వైట్ స్పాట్ వైరస్ జబ్బు వస్తుందన్న టెన్షన్ ఒకటి. అందుకని ఏ ధర చెబితే ఆ ధరకు పట్టేయాల్సిందే. మరి ఆ నష్టంలో వాటా ఎవరెవరు తీసుకున్నారు? భూమి ఓనర్ గారి లీజు తగ్గలేదు. మేత కంపెనీ బాకీ తగ్గలేదు. తగ్గింది రైతు చేతికొచ్చేది, ఆ తర్వాత ప్లాంటులో రొయ్య ఒలిచే ఆడవాళ్ల పనిదినాలు.

వాళ్ల గురించి ఎవరూ రాయరు, నేను రాస్తాను. ఐసు నీళ్లలో రొయ్య తల తీసి, తొక్క ఒలిచి, నరం లాగి ట్రేలో వేయాలి. చాలా షెడ్లలో కిలో లెక్కన డబ్బులు. చల్లటి నీళ్లలో నాని నాని వేళ్లు తెల్లగా ఉబ్బిపోయి చర్మం ఊడుతుంది. గ్లవుజులు వేసుకుంటే చెయ్యి నెమ్మదిస్తుందని కొంతమంది తీసేస్తారు, కిలోలు తగ్గుతాయి కదా. వాషింగ్టన్‌లో సంతకం పెడితే మా పక్క ఊరి ఆవిడకి వారంలో రెండు రోజుల పని పోయింది. ఆవిడకి ఆ సంతకం సంగతే తెలియదండి.

హైటెక్_శ్రీను:
భీమవరం గారూ, మీరు రాసింది చదివాక కాసేపు ఏం రాయాలో తోచలేదు. కానీ అడుగుతున్నాను, ఆ బజారే లేకపోతే ఆవిడకు మిగతా రోజుల పని ఉండేదా? సమస్య బయటి బజారుతో సంబంధం ఉండటమా, ఒక్క బజారునే నమ్ముకోవడమా?

భీమవరం_ఆక్వా:
ఒక్క బజారునే నమ్ముకోవడం అండి. చెరువులు పూడ్చేయమని నేను అనను. మా ప్రాంతానికి రొయ్య తెచ్చిన డబ్బు వరి ఎన్నడూ తేలేదు. కానీ బాగున్నప్పుడు లాభం పై నుంచి కిందికి చుక్కలు చుక్కలుగా దిగుతుంది, బాగోనప్పుడు నష్టం ఒక్క వారంలో కిందికి వచ్చేస్తుంది.

విశాఖ_లలిత:
నేను అనకాపల్లి జిల్లాలో ఒక బట్టల ఎగుమతి ఫ్యాక్టరీలో లైన్ సూపర్‌వైజర్‌గా చేసి మానేశాను. పేరు రాయను. లోపల ఎలా ఉంటుందో రాస్తాను.

మొదట మంచి సంగతి. ఆ ఫ్యాక్టరీలు రాకముందు మా చుట్టుపక్కల పల్లెల్లో పదో తరగతి అయిన ఆడపిల్లకి జీడిపప్పు బట్టీ లేదా పెళ్లి. ఫ్యాక్టరీ బస్సు ఊళ్లోకి రావడం మొదలయ్యాక జీతం నేరుగా బ్యాంకులో పడింది, పీఎఫ్ నంబరు వచ్చింది. పెళ్లి రెండు మూడేళ్లు వెనక్కి జరిగిన అమ్మాయిలు నా లైన్‌లోనే చాలామంది ఉన్నారు. ఇంట్లో మాట చెల్లింది. ఇది చిన్న విషయం అనేవాళ్లు ఆ ఊళ్లలో ఒక నెల ఉండి చూడాలి.

ఇంకో వైపు కూడా ఉంది. తెల్లారకముందే బస్సు. లైన్‌లో ఒక్కొక్కరిది ఒక్క పని. ఒకమ్మాయి ఎలాస్టిక్ కుట్టడమే, ఇంకో అమ్మాయి లేబుల్ కుట్టడమే, రోజంతా అదే. గంటకు ఇన్ని పీసులని బోర్డు మీద రాసి ఉంటుంది. బాత్రూమ్‌కి వెళ్తే పీసులు పేరుకుపోతాయని నీళ్లు తాగడం మానేసిన పిల్లల్ని చూశాను, యూరిన్ ఇన్‌ఫెక్షన్లతో సెలవు పెట్టేవాళ్లు. ఐదారేళ్లు పోయాక చూస్తే కొత్తగా చేరిన అమ్మాయికీ పాత అమ్మాయికీ జీతంలో తేడా ఎంతో ఉండదు. ఎందుకుండదంటే ఇద్దరికీ ఇచ్చేది కనీస వేతనమే. ఆ కనీస వేతనాన్ని ఐదేళ్లకు ఒకసారైనా సమీక్షించాలని 1948 చట్టంలోనే ఉండేది. మన రెండు రాష్ట్రాల్లోనూ అది ఏళ్ల తరబడి వాయిదా పడింది. ఎందుకంటే పక్క రాష్ట్రం, పక్క దేశం చౌకగా చేస్తుందనే భయం. ఆర్డర్ బంగ్లాదేశ్‌కి పోతుంది, వియత్నాంకి పోతుంది అని మీటింగుల్లో ఎన్నిసార్లు విన్నానో. పెట్టుబడికి వీసా అక్కర్లేదు, నా లైన్‌లో అమ్మాయికి పక్క జిల్లాకి వెళ్లాలన్నా ఇంట్లో ఒప్పుకోవాలి. బేరంలో ఎవరిది పైచేయి అవుతుంది?

రాజ్యలక్ష్మి_గుంటూరు:
లలితా, నువ్వు రాసిన నీళ్లు తాగని మాట మా మిరప కోల్డ్ స్టోరేజీల్లో తొడిమలు తీసే ఆడవాళ్లకూ వర్తిస్తుందమ్మా. అక్కడ పీఎఫ్ కూడా లేదు.

మగ్గం_ఇంటి_బిడ్డ:
మాది పోచంపల్లి వైపు. అమ్మ ఆసు పోసేది. పట్టుపోగును మేకుల చుట్టూ వేలసార్లు చెయ్యి అటూ ఇటూ తిప్పి పోయాలి, ఒక్క చీరకు గంటల కొద్దీ. భుజం పడిపోయేది. చింతకింది మల్లేశం గారు వాళ్ల అమ్మ కష్టం చూసి ఆసు యంత్రం కనిపెట్టారు, 2017లో పద్మశ్రీ వచ్చింది. అది వచ్చాక మా అమ్మ లాంటి వాళ్లు ఎందరో బతికారు. యంత్రం వస్తే చేతివృత్తి పోతుందని వాదించేవాళ్లకు ఇది చెప్తుంటాను.

మమ్మల్ని దెబ్బతీసింది వేరే. మేం పోగుల మీద చిటికి (రంగు అంటకుండా ముడులు) కట్టి, రంగులద్ది, నెలలు కూర్చుని నేసిన డిజైన్‌ను పవర్‌లూమ్ బట్ట మీద ప్రింటు కొట్టి ఇక్కత్ అని అమ్ముతారు. ఈ ప్రాంతపు సరుకు అని చెప్పే జీఐ గుర్తింపు 2005లోనే వచ్చింది, దాన్ని అమలు చేసే నాథుడు లేడు. చైనా పట్టు ధర పెరిగితే మా పట్టుపోగు ధర పెరుగుతుంది, మా చీర ధర మాత్రం మాకు పని ఇచ్చే మాస్టర్ వీవర్ చెప్పిందే. 2009-10 గణనలో దేశంలో 43.31 లక్షల మంది చేనేత పనివాళ్లుంటే 2019-20కి 35.22 లక్షలు. అందులో మూడింట రెండు వంతుల కుటుంబాల ఆదాయం నెలకు 5 వేల లోపు. మా తరంలో మగ్గం ఎక్కినవాళ్లు మా వీధిలో లేరు. నేనూ ఎక్కలేదు, ఉప్పల్‌లో ఒక మెడికల్ ల్యాబ్‌లో పని చేస్తున్నాను. నా చదువు ఫీజు రీయింబర్స్‌మెంట్ పుణ్యం.

లెక్కల_మాస్టారు:
అమ్మాయీ, చివర్లో ఒక వాక్యంలో చెప్పి వదిలేశావు గానీ అసలు సంగతి అక్కడే ఉంది. ఆస్తి లేని కుటుంబానికి ఈ కొత్త ఆర్థిక వ్యవస్థలోకి దారి ఏది? మన దగ్గర అది డిగ్రీ. చైనా, వియత్నాం పల్లె జనాన్ని ముందు ఫ్యాక్టరీల్లోకి తెచ్చాయి, దానికి పదో తరగతి చాలు. మనం ఫ్యాక్టరీ మెట్టు సరిగ్గా ఎక్కకుండానే సాఫ్ట్‌వేర్ మెట్టు మీదికి దూకాం. 2023-24 కార్మిక సర్వేలో కూడా దేశంలో పనిచేసే వాళ్లలో 46.1 శాతం వ్యవసాయంలోనే ఉన్నారు, ఉత్పత్తి రంగంలో 11.4 శాతమే. అంతమంది బతుకుతున్న వ్యవసాయం నుంచి దేశ ఆదాయంలో వచ్చేది ఐదో వంతుకు లోపే. అందుకే డిగ్రీ, అందులోనూ ఇంగ్లిష్ వచ్చిన డిగ్రీ ఉన్నవాళ్లకే పెద్ద జీతాలు. శ్రీను, మీ నాన్నగారు కండక్టర్ అన్నావు. నెల జీతం, పెన్షన్ ఉన్న ఇల్లు నిన్ను ఇంజనీరింగ్ దాకా నిలబెట్టింది. అనంతపురం మెట్ట రైతు కొడుకుకి ఆ నెల జీతం లేదు.

ఫీజు రీయింబర్స్‌మెంట్ ఎంతోమంది బీసీ, ఎస్సీ, ఎస్టీ పిల్లల్ని కాలేజీ మెట్లెక్కించింది. నా క్లాసులోనే ఆ మార్పు చూశాను. కానీ కాలేజీలు పుట్టగొడుగుల్లా లేచాయి, చాలావాటిలో ల్యాబులు లేవు, చెప్పేవాళ్లు లేరు. పునాది సంగతి ఇంకా దారుణం. పిల్లల చదువు స్థాయిని కొలిచే 2024 అసర్ సర్వేలో పల్లెల్లో ఐదో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగినవాళ్లు సగం కూడా లేరు. ఆ పిల్లవాడికి గ్లోబల్ కంపెనీ మన ఊరికొచ్చినా ఒకటే, రాకపోయినా ఒకటే.

జగిత్యాల_గల్ఫ్:
మాస్టర్ సాబ్, మా దిక్కు ఇంకో దారుంది, డిగ్రీ లేనోళ్లకు. పాస్‌పోర్టు. రూల్ ప్రకారం ఏజెంటు 30 వేలు, దాని మీద జీఎస్టీ తీసుకోవాలి. తీసుకునేది లక్షల్లో, అదీ వడ్డీకి తెచ్చి ఇచ్చుడే. మొదటి రెండేండ్లు అప్పుకే పోతయి. కంపెనీ జీతం ఇయ్యకపోతే బయటికి ఉరికి ఖల్లివెల్లి అవుతడు, కాయిదాలు లేకుండ దొరికిన పని చేసుకుంట.

రిజర్వ్ బ్యాంకు లెక్క చూసిన. 2023-24లో విదేశాల నుంచి దేశానికి 118.7 బిలియన్ డాలర్లు వచ్చినయి. అందులో అమెరికా వాటా 27.7 శాతం, దుబాయ్ ఉన్న యూఏఈది 19.2. ఇంతకుముందు గల్ఫ్‌దే పెద్ద చెయ్యి. అంటే వలసలో కూడ ఇప్పుడు చదువుకున్నోడి పైసే ముందుకొచ్చింది. అమెరికా నుంచి వచ్చే పైసలు హైదరాబాద్ చుట్టూ ప్లాట్లు కొంటయి, భూమి ధర పెంచుతయి. మా పైసలు చెల్లె పెండ్లికి, ఇంటి స్లాబుకు, అమ్మ దవాఖానకు అయిపోతయి. పదిహేనేండ్లు ఎండలో చేసి తిరిగొచ్చినోడు మా ఊర్లో ఎకరం కొనలేడు ఇప్పుడు.

కృష్ణాతీరం:
జగిత్యాల తమ్ముడు చెప్పినదానితో నేను మొదట్లో అన్నది ఇంకా గట్టిపడింది. డాలరు రొయ్యలోంచి వచ్చినా, సాఫ్ట్‌వేర్‌లోంచి వచ్చినా, వలసలోంచి వచ్చినా చివరికి భూమి ధరగా మారుతోంది. హైదరాబాద్ చుట్టూ ఔటర్ రింగ్ రోడ్డు (ఓఆర్ఆర్) 158 కిలోమీటర్లు ప్రజల డబ్బుతో వేశారు. దాని పక్కన పొలం ఉన్నవాళ్లు, ముందే తెలిసి కొన్నవాళ్లు ఏ పనీ చేయకుండా కోట్లకు పడగలెత్తారు. ఆ పెరుగుదలలో ప్రభుత్వానికి తిరిగొచ్చింది ఎంత? రిజిస్ట్రేషన్ విలువ ఒకటి, చేతులు మారేది ఇంకొకటి. వారసత్వ ఆస్తి మీద ఎస్టేట్ డ్యూటీ 1985లో ఎత్తేశారు, సంపద పన్ను 2015 బడ్జెట్లో ఎత్తేశారు, 2019 సెప్టెంబరులో కంపెనీల పన్ను 30 నుంచి 22 శాతానికి దించారు. సబ్బు కొన్నా చెప్పులు కొన్నా జీఎస్టీ మాత్రం కూలీకీ కోటీశ్వరుడికీ ఒకటే రేటు.

హైటెక్_శ్రీను:
సంపద పన్ను ఎత్తేయడానికి కారణం కూడా చెప్పాలి అన్నా. 2013-14లో దేశమంతా కలిపి దాని మీద వచ్చింది 1,008 కోట్లు. వసూలుకు అయ్యే శ్రమ ఎక్కువ, వచ్చేది తక్కువ అని దాని బదులు కోటి పైన ఆదాయం ఉన్నవాళ్ల మీద 2 శాతం అదనపు సర్‌చార్జి వేశారు. అది తిరిగి తెస్తే డబ్బు దుబాయ్‌కి పోతుంది. భూమి మాత్రం ఎక్కడికీ పోదు, అక్కడ మీతో ఏకీభవిస్తాను. రోడ్డు వేయడం వల్ల పెరిగిన విలువలో వాటా తీసుకోండి, నా ఫ్లాటు మీద కూడా ఆస్తిపన్ను సరిగ్గా వేయండి, కడతాను. ఆ డబ్బు మాస్టారు చెప్పిన ఐదో తరగతి పిల్లవాడికి ఖర్చు పెడితే చాలు. నాకు అభ్యంతరం, తలుపులు మూసేస్తే అన్నీ సర్దుకుంటాయనే మాట మీదే.

అనంత_రైతు:
మూయమని ఇక్కడ ఎవరన్నారు శ్రీను గారూ? సుంకం పెంచేటప్పుడు, దించేటప్పుడు మమ్మల్ని లెక్కలో వేసుకోమంటున్నాం. ఖమ్మం, పశ్చిమ గోదావరి జిల్లాల్లో ఆయిల్ పామ్ వేసినవాళ్లను అడగండి. 2022లో గెలలు టన్ను 20 వేలు దాటితే చూసి ఎంతోమంది మొక్కలు నాటారు. మొక్క కాపుకి రావడానికి నాలుగేళ్లు. ఈలోగా ధర 12, 13 వేలకు పడింది. 2024 సెప్టెంబరులో ముడి పామాయిల్ మీద సుంకం పెంచితే కాస్త ఊపిరి వచ్చింది, 2025 మే చివర మళ్లీ తగ్గించారు. పండగల ముందు పట్నంలో నూనె ధర చూసి నిర్ణయం తీసుకుంటారు, తోట మాత్రం 25 ఏళ్లు ఉండాలి. కనీసం ఐదేళ్ల సుంకం ఇదీ అని ముందే చెబితే రైతు ఏ పంట వేయాలో తనే లెక్క వేసుకుంటాడు.

పల్లె_గోపి:
పత్తికీ అంతే. 2025 ఆగస్టులో దిగుమతి సుంకం తీసేశారు, డిసెంబరు దాకా. సరిగ్గా మా పత్తి మార్కెట్‌కి వచ్చే నెలలు.

మగ్గం_ఇంటి_బిడ్డ:
లలితక్కా, ఒకటి అడగాలి. మా చెల్లెలు హైదరాబాద్ పక్కన ఒక ఎలక్ట్రానిక్స్ అసెంబ్లీ యూనిట్‌లో చేరింది, కాంట్రాక్టర్ కింద. చేతిలో కాయితం ఏమీ లేదు. కొత్త లేబర్ కోడ్‌లు (కార్మిక చట్టాలు) వచ్చాయి కదా, అడిగితే తీసేస్తారేమోనని భయపడుతోంది.

విశాఖ_లలిత:
చెల్లీ, 2025 నవంబరు 21 నుంచి ఆ నాలుగు కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. ప్రతి ఒక్కరికీ అపాయింట్‌మెంట్ లెటర్ ఇవ్వాలని అందులో ఉంది, ఫిక్స్‌డ్ టర్మ్ (ఇంత కాలానికని ఒప్పందం) మీద ఉన్నవాళ్లకు ఏడాదికే గ్రాట్యుటీ హక్కు వస్తుంది, రాత్రి షిఫ్టు వేయాలంటే ఆడవాళ్ల సమ్మతి తీసుకోవాలి. కాగితం మీద ఉన్నది లైన్ దాకా రావాలంటే మాత్రం ఒక్కతే వెళ్లి అడగొద్దని చెప్పు. ఆ బస్సులో వచ్చే అమ్మాయిలు పది పదిహేను మంది కలిసి హెచ్ఆర్ దగ్గరికి వెళ్లాలి, అడిగింది రాసి ఇవ్వాలి, ఒక కాపీ దగ్గర పెట్టుకోవాలి. ఈలోపు తన ఫోన్‌లో పీఎఫ్ పాస్‌బుక్ తెరిచి ప్రతి నెలా జమ అవుతోందో లేదో చూడమను, జీతం పడిన మెసేజ్‌లు ఒక్కటీ డిలీట్ చేయొద్దు. కాంట్రాక్టర్ పేరు, గేటు పాస్ ఫోటో కూడా దాచుకోమను. రేపు గొడవ వస్తే తను అక్కడ పనిచేసిందని చూపించడానికి పనికొచ్చేవి అవే. గేటు పాస్ మీద ఎవరి పేరుందో ముందు చూసి నాకు రాయి, కంపెనీదా కాంట్రాక్టర్‌దా అన్నదాన్ని బట్టి అర్జీ ఎవరి పేరున పెట్టాలో చెప్తాను.